నీళ్ళు తాగని గోల్ఫ్ మైదానం

గడ్డి పెంచడం నా ఉద్యోగం. ముప్పై ఏళ్ళకు దగ్గరగా గోల్ఫ్ మైదానాల్లో అదే పని చేశాను. అయినా నలుగురూ నన్ను గుర్తుపెట్టుకున్నది మాత్రం గడ్డి లేకుండా చేసిన పనికి. తోటపని చదువుకుని ఇలాంటి మైదానాల్లో ఉద్యోగాలకు చేరుతున్న అమ్మాయిలు ఇప్పుడు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. ఏ ఎరువు వేయాలి, ఏ మందు కొట్టాలి అని అడుగుతారు. అవన్నీ పుస్తకాల్లో ఉన్నాయి. పుస్తకాల్లో లేనిది ఒకటి చెబుతాను. అందులో నా తప్పు కూడా ఉంది, దాన్ని దాచను.

మాది కొత్తచెరువు దగ్గర ఒక పల్లె. ఇంటర్ తప్పాను, పెళ్ళయింది, వరుసగా రెండేళ్ళు వానలు మొహం చాటేశాయి. తాపీ పని చేసే మా ఆయనతో కలిసి బెంగళూరు బస్సెక్కాను. అక్కడ ఒక పాత గోల్ఫ్ క్లబ్బులో కలుపు తీసే పని దొరికింది. తెల్లవాళ్ళ కాలంలో పెట్టిన క్లబ్బు. ఇరవైమంది ఆడవాళ్ళం బారుగా కూర్చుని, చిన్న కత్తులతో, గ్రీన్ మీద మొలిచిన పిచ్చిమొక్కలను ఒక్కొక్కటే పీకేవాళ్ళం. గ్రీన్ అంటే బంతి పడాల్సిన గుంట చుట్టూ ఉండే నున్నటి గడ్డి. ఆడేవాళ్ళు దగ్గరికి వస్తుంటే మేస్త్రి ఈల వేసేవాడు. వెంటనే లేచి చెట్ల వెనక్కి పోవాలి. వాళ్ళ కంట పడకూడదని ఎక్కడా రాసిపెట్టలేదు గానీ అందరికీ తెలుసు.

అలా ఇరవై రెండేళ్ళలో కత్తి నుంచి గడ్డి కోసే యంత్రానికి, అక్కణ్ణుంచి సూపర్వైజరు పనికి వచ్చాను. ఆ క్లబ్బులో పదమూడో గ్రీన్ పూర్తిగా నా చేతుల మీద పెరిగింది. ఆటలో వాడే కర్రను మాత్రం ఒక్కసారి కూడా పట్టుకోలేదు. పట్టుకోవాలని అనిపించనూ లేదు. పెళ్ళిలో వంటమనిషి వెళ్ళి పీటల మీద కూర్చోదు కదా, అలా అనుకున్నాను.

ఆ తర్వాత సొంత నేల నుంచే పిలుపు వచ్చింది. పుట్టపర్తికి గంట ప్రయాణం దూరంలో, గుట్టల మీద గాలిమరలు నిలబెట్టిన ఒక కంపెనీ తమ కాలనీ పక్కనున్న రాళ్ళ నేలలో తొమ్మిది గుంటల గోల్ఫ్ మైదానం వేయాలనుకుంది. విదేశాల నుంచి వచ్చే అతిథులకు చూపించుకోవడానికి. మేనేజరు గుంటూరు వైపు మనిషి. మంచివాడే, కానీ తొందరెక్కువ.

“బెంగళూరులో ఎలా ఉందో ఇక్కడా అలాగే ఉండాలమ్మా. గుట్ట మీద నుంచి చూస్తే పచ్చటి తివాచీలా కనపడాలి” అన్నాడు.

నేను తలూపాను. ఇంటికి వెళ్ళి చెబితే నాయన నవ్వాడు.

“ఈ నేలలోనా? నలభై ఏండ్లు పాటుపడి నేను శెనక్కాయలే సరిగ్గా పండించలేకపోతి. నువ్వు గడ్డి పెంచుతావా?”

“బోర్లు ఏస్తారంట నాయనా.”

“ఏస్తారులే. ఏస్తే మటుకు ఎన్నాళ్ళు?”

ఆ మాట నాకు నచ్చలేదు. రెండు బోర్లు వేశారు, నీళ్ళు పడ్డాయి. ఆరుగురు ఆడవాళ్ళను పనిలో పెట్టుకుని తొమ్మిది గ్రీన్లూ పరిచాను. నాలుగు నెలల్లో మైదానం పచ్చబడింది. మేనేజరు రోజూ ఫోటోలు తీసి పై ఆఫీసుకు పంపేవాడు. నేను మా ఊరి నేలను జయించానని లోలోపల పొంగిపోయాను.

ఎండాకాలం మధ్యకు వచ్చేసరికి మోటారు బురద నీళ్ళు తోడడం మొదలుపెట్టింది. నాకు అర్థమైంది. అయినా రెండు వారాలు ఎవరికీ చెప్పలేదు. నేను చేసిన తప్పు అదే. గడ్డి ఎర్రబడితే నా పేరు పోతుందని, రోజుకు రెండు పూటలా తడుపుతూనే ఉన్నాను.

ఒక ఉదయం వెళ్ళేసరికి పన్నెండు మంది ఆడవాళ్ళు ఖాళీ బిందెలు పట్టుకుని మొదటి గ్రీన్ మీద నిలబడి ఉన్నారు. గుట్ట కింది పల్లెవాళ్ళు. వాళ్ళ ఊరి బోరు ఎండిపోయింది. ముందు నిలబడ్డామె నాకు వరసకు చెల్లెలు, పెదనాన్న కూతురు, ఆ ఊరికే కోడలిగా వెళ్ళింది.

“మేము గుక్కెడు నీళ్ళకు సస్తాంటే నువ్వు గడ్డికి తాపుతాండావా అక్కా?” అంది.

“ఇది కంపెనీ బోరు పాపా...”

“బోరు కంపెనీదే. కిందుండే నీళ్ళు ఎవురివి?”

వెళ్ళి మోటారు పైపును ఇటు మళ్ళించి, వాళ్ళ బిందెలు నింపాను. ఆ రోజు నుంచి మైదానానికి నీళ్ళు ఆపేశాను. మేనేజరు అరిచాడు. అయితే ఊరివాళ్ళు దారికి అడ్డంగా కూర్చుంటే గాలిమరల దగ్గరికి లారీ పోదని అతనికీ తెలుసు. నీళ్ళు ఆ పల్లెకే పోయాయి. పది రోజుల్లో గడ్డి మొత్తం మాడి, కాళ్ళ కింద పొడిపొడి అయింది.

“నిన్ను తెచ్చింది దీనికేనా? ఇక్కడ సోలార్ పలకలు పరుస్తాం. వచ్చే ఏడు వానాకాలానికల్లా నువ్వూ నీ వాళ్ళూ వేరే పని చూసుకోండి” అన్నాడు మేనేజరు.

ఆ వారమే గాలిమరల గేర్లు బాగుచేయడానికి స్కాట్లండు నుంచి ఒక ఇంజనీరు ఏడాది పని మీద వచ్చాడు. అరవై ఏళ్ళు ఉంటాయి. ఎండకు కందిపోయిన మెడ, భుజాన గుడ్డ సంచిలో ఆరేడు గోల్ఫ్ కర్రలు. సంచి మోయడానికి ఎవరినీ పిలవలేదు. మాడిపోయిన మొదటి గ్రీన్ మీద నిలబడి చుట్టూ చూశాడు. ఎదురుగాలి కొడుతోంది. దూరంగా గొర్రెలు మేస్తున్నాయి. అతను గట్టిగా నవ్వాడు.

నన్ను ఎగతాళి చేస్తున్నాడనుకున్నాను. నాకున్న కొద్దిపాటి ఇంగ్లీషులో, “నీళ్ళు లేవు సార్. గడ్డి చచ్చిపోయింది” అన్నాను.

“గడ్డి ఎవరడిగారు? ఇది అచ్చం మా ఊరి మైదానంలా ఉంది” అన్నాడు.

సాయంత్రం రాతి మీద కూర్చుని, ఫ్లాస్కులోని టీ మూతలో పోసి నాకిచ్చి, తన ఊరి సంగతి చెప్పాడు. వాళ్ళది సముద్రం ఒడ్డున చిన్న ఊరు. పంటకు పనికిరాని ఇసుక నేల. గొర్రెలు మేసిమేసి గడ్డిని పొట్టిగా చేస్తే, అవి గాలికి తలదాచుకున్న చోట్ల నేల గుంటలు పడితే, దాని మీదే వందల ఏళ్ళుగా ఆడుతున్నారట. నీళ్ళు పెట్టేది వాన, కోసేది గొర్రె. అతని తండ్రి ఉత్తరాలు పంచే పోస్టుమ్యాను. ఉత్తరాలు పంచడం అయ్యాక బడిపంతులుతోనో, రొట్టెలు కాల్చే ఆయనతోనో, చేపలు పట్టే వాళ్ళతోనో కలిసి చీకటి పడేదాకా ఆడేవాడట. వాళ్ళ అమ్మమ్మ డెబ్బై ఏళ్ళు దాటాక కూడా ఆడిందట. ఆదివారం ఆట బందు. ఆ రోజు ఊరంతా పిల్లలతో, కుక్కలతో మైదానంలో నడుస్తారు. ఎవరినీ ఎవరూ పొమ్మనరు.

“అది ధనవంతుల ఆట కాదా సార్?” అని అడిగాను.

“మా ఊళ్ళో ధనవంతులు లేరమ్మా. ఆట మాత్రం ఉంది” అన్నాడు.

ఇరవై రెండేళ్ళు నేను చెట్ల వెనక నుంచి చూసిన ఆట వేరు. ఇతను చెప్పేది వేరు. ఆ రాత్రి నిద్ర పట్టలేదంటే అతిశయోక్తి కాదు.

అతను ఇంకో సంగతి చెప్పాడు. ఎండ దేశాలకు వెళ్ళిన తెల్లవాళ్ళు గడ్డి పెరగని చోట ఇసుకకు నూనె పట్టించి, చదును చేసి, దాని మీద ఆడేవాళ్ళు. అది పచ్చగా ఉండదు కాబట్టి గ్రీన్ అనకుండా బ్రౌన్ అన్నారు. మేనేజరు దగ్గరికి ఇద్దరం వెళ్ళి, ఆ గడువు దాకా చూడమని అడిగాం. ఖర్చు లేదంటే అతను ఒప్పుకున్నాడు.

గాలిమరల్లో నుంచి తీసిన పాడు ఆయిలు ఇసుకలో కలుపుదామన్నాడు ఇంజనీరు. వాళ్ళ పాత పద్ధతి అదేనట. అక్కడ గొర్రెలు మేపుకునే పెద్దాయన కర్ర నేలకు కొట్టి అడ్డం తిరిగాడు.

“ఆ పాడు ఆయిలు గొర్రె నాకిందంటే సస్తాది సామీ. మీరు ఆడుకుని పోతారు. మేము ఈడనే ఉండల్ల.”

అప్పుడు నాకు కానుగ నూనె గుర్తొచ్చింది. చేదు కాబట్టి గొర్రె మూతి పెట్టదు, నేలను చంపదు. కాలనీ చుట్టూ కానుగ చెట్లే. కాయలు ఏరి, గింజలు గానుగకు పట్టించాం. వానలకు పారే వంకలో నుంచి ఇసుక తెచ్చి జల్లెడ పట్టి, నూనె కలిపి, తొమ్మిది చోట్లా గుండ్రంగా పరిచి తొక్కాం. నా ఆరుగురితో పాటు ఇప్పుడు మా చెల్లెలు కూడా పనిలోకి వచ్చింది. ఆటగాడి అడుగుల గుర్తులు చెరిపి, బంతికీ గుంటకూ మధ్య నున్నటి దారి చేసుకోవడానికి పిడి ఉన్న చెక్కపలకలు చేయించాను. జెండాలు రెండు సార్లు గాలికి చిరిగిపోతే, జీన్స్ ప్యాంట్లు కుట్టే రాయదుర్గం నుంచి ఆ గుడ్డ ముక్కలు తెప్పించి కుట్టాం. అవి చిరగలేదు. బంతి పరిగెత్తే దారుల్లో రాళ్ళు ఏరేశాం, మిగతాది గొర్రెలకు వదిలేశాం. మైదానం తయారైంది, ఒక్క చుక్క నీళ్ళు పెట్టలేదు.

ఒక సాయంత్రం ఇంజనీరు నా చేతికి కర్ర ఇచ్చాడు. వద్దన్నాను. వినలేదు. చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని కొడితే నాలుగు సార్లు గాలికే తగిలింది. మా ఆడవాళ్ళు పడీపడీ నవ్వారు. అయిదోసారి బంతి రాయిలా నేల మీదే దొర్లుకుంటూ చాలా దూరం పోయింది.

“అదీ! ఈ గాలిలో అలాగే కొట్టాలి” అని ఎగిరాడు.

ఆ తర్వాత రోజూ పని అయ్యాక ఒక గంట ఆడేవాళ్ళం. బంతి కంటే ముందు మర్యాద నేర్పాడు. ఎదుటివాడు కొడుతుంటే కదలకూడదు. మన అడుగుల గుర్తు మనమే చెరపాలి. గెలిచినా ఓడినా టోపీ తీసి చేయి కలపాలి. ఎన్ని దెబ్బలు కొట్టామో ఎవరి లెక్క వాళ్ళే చెప్పుకోవాలి.

“మరి అంపైరు ఎవరు సార్?”

“నువ్వే.”

ఊళ్ళోవాళ్ళు కూడా ఒక్కొక్కరే చేరారు. పట్టుచీరలు నేసే ఒకాయన వచ్చాడు. గుంట దగ్గర ఆయన చేయి అదరదు. బళ్ళో డ్రిల్లు మాస్టారు వచ్చాడు, గాలిమరల టెక్నీషియన్లు ముగ్గురు వచ్చారు. ఇంజనీరుకు మన భాషలో ఒక్క మాటే పట్టుబడింది. ఎవరు మంచి దెబ్బ కొట్టినా “ఏమప్పా!” అని అరిచేవాడు.

గడువు ముగియవచ్చింది. మేనేజరుకు నమ్మకం కుదరలేదు. “ఇది మీ సరదా. ఆట తెలిసినవాళ్ళు వచ్చి, ఇది మైదానమే అని చెప్పాలి. లేకపోతే పలకలే” అన్నాడు. ఇంజనీరు ఎవరికో ఫోన్లు చేసి ఒక జట్టును పిలిపించాడు. ఎవరొస్తున్నారని అడిగితే, నేను పనిచేసిన బెంగళూరు క్లబ్బు పేరే చెప్పాడు.

ఆషాఢం గాలి హోరుమంటున్న ఒక ఆదివారం పొద్దున ఆరుగురు దిగారు. తెల్లటి చొక్కాలు, మెరిసే కర్రలు. వాళ్ళ పెద్ద, క్లబ్బు కార్యదర్శి, రిటైరైన సైనికాధికారి. నన్ను గుర్తుపట్టలేదు. ఇద్దరిద్దరు జతలుగా మూడు పోటీలు. జతలో ఉన్న ఇద్దరికీ ఒకే బంతి, ఒకరి తర్వాత ఒకరు కొట్టాలి. ఇదీ స్కాట్లండు పాత పద్ధతే. ఒక్కో గుంటకు ఎవరు తక్కువ దెబ్బల్లో వేస్తే ఆ గుంట వాళ్ళది.

ఆట మొదలయ్యే వేళకు ఒక గాలిమర ఆగిపోయిందని ఫోను వచ్చింది. మా టెక్నీషియన్లలో ఒకతను గుట్ట ఎక్కాల్సి వచ్చింది. ఇంజనీరుకు జత లేకుండా పోయింది. అతను నేరుగా నా దగ్గరికి వచ్చి కర్ర చేతికిచ్చాడు.

“ఆవిడ పనిమనిషి కదండీ!” అన్నాడు మేనేజరు.

“మా ఊళ్ళో మైదానం చూసుకునేవాళ్ళకూ సభ్యులకూ ఏటా పోటీ ఉంటుంది. చాలాసార్లు సభ్యులే ఓడిపోతారు” అన్నాడు ఇంజనీరు.

కార్యదర్శి టోపీ కొద్దిగా ఎత్తి, “మాకేం అభ్యంతరం లేదు” అన్నాడు. ఆయన జత మాతో పడింది.

మొదటి రెండు గుంటలు వాళ్ళే గెలిచారు. మూడో గుంట నుంచి గాలి మా పక్షం చేరింది. వాళ్ళు అలవాటు కొద్దీ బంతిని పైకి లేపుతున్నారు, గాలి దాన్ని తీసుకెళ్ళి తుమ్మ చెట్ల కింద పడేస్తోంది. మేము నేల మీద దొర్లిస్తున్నాం. ఏ గతుకు దగ్గర ఎటు తిరుగుతుందో నాకు తెలుసు, అక్కడి రాళ్ళు ఏరింది నేనే కదా. నాలుగో బ్రౌన్ దగ్గర నేను పలకతో ఇసుక సరిచేస్తుంటే కార్యదర్శి కాసేపు చూశాడు.

“ఈ పనితనం ఎక్కడ నేర్చుకున్నావమ్మా?”

“మీ పదమూడో గ్రీన్ మీద సార్. ఇరవై రెండేండ్లు.”

ఆయన ముఖం మారింది. “అది మా అందరికీ ఇష్టమైన గ్రీన్. చూసుకునేది ఎవరో ఒక్కరోజూ అడగలేదు” అన్నాడు మెల్లగా.

నేను పలక పక్కన పెట్టి కర్ర అందుకున్నాను. ఏడు గుంటలయ్యేసరికి మేము ఒక గుంట ముందున్నాం. అప్పటికి మిగతా రెండు జతల ఆటలు ముగిశాయి. నేత పనాయన, డ్రిల్లు మాస్టారు గెలిచారు. టెక్నీషియన్ల జత ఓడింది. అందరూ మా చుట్టూ చేరారు. మా ఆడవాళ్ళు, గొర్రెల పెద్దాయన, కింది పల్లె సగం.

ఎనిమిదో గుంటలో ఇంజనీరు కొట్టిన బంతి ఎండు పుల్లల పక్కన ఆగింది. రెండో దెబ్బ నాది. అడ్డంగా ఉన్న పుల్ల తీశాను. తీస్తుంటే బంతి కదిలింది. గోరంత కూడా కాదు. అందరూ జెండా వైపు చూస్తున్నారు. మా చెల్లెలు ఒక్కతే నా దగ్గరగా ఉంది. నా ముఖం చూసి, “గమ్మునుండక్కా” అని గొణిగింది. సోలార్ పలకలు, ఆరుగురి పని, రెండు వారాలు ఎవరికీ చెప్పకుండా తోడిన బురద నీళ్ళు, అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి.

చేయి పైకెత్తాను. “నా వల్ల బంతి కదిలింది సార్. మాకొక దెబ్బ కలపండి.”

“నేను చూడలేదు” అన్నాడు కార్యదర్శి.

“నేను చూసినాను సార్.”

ఇంజనీరు వైపు చూడడానికి భయమేసింది. అతను మెచ్చుకోలేదు, కోప్పడలేదు. “సరే, బంతిని మళ్ళీ దాని చోట పెట్టి కొట్టు” అన్నాడు, అంతే. ఆ ఒక్క దెబ్బతో గుంట వాళ్ళదైంది. ఇప్పుడు రెండు వైపులా సమానం. మిగిలింది చివరి గుంట.

తొమ్మిదోది దగ్గరి గుంటే, కానీ గట్టు మీదికి, నేరుగా ఎదురుగాలిలోకి. ముందు కార్యదర్శి కొట్టాడు. చూడముచ్చటైన దెబ్బ. బంతి నింగికెగిరి, అక్కడ గాలికి ఆగి, పక్కకు జరిగి, తుమ్మ పొదల్లో పడింది. ఇక నా వంతు. ఇంజనీరు పొడుగు కర్ర తీయబోతే వద్దని, బంతిని పైకి లేపకుండా దొర్లించే, అన్నిటికంటే నిటారు ముఖమున్న ఇనుప కర్ర అడిగాను. జెండా వైపు చూడలేదు. గొర్రెలు రోజూ గట్టెక్కే బాట వైపు చూశాను. కొట్టాను. బంతి నేలను తాకి, ఆ బాట పట్టి, ఎర్రటి దుమ్ము రేపుకుంటూ ఎక్కి, బ్రౌన్ మీద ఆగింది.

“గొర్రె మాదిరే పోయిందప్పా!” అని కేక వేశాడు పెద్దాయన.

వాళ్ళు పొదల్లోంచి బయటపడడానికి ఒక దెబ్బ, గుంట పక్కకు రావడానికి ఇంకొకటి పట్టింది. నాలుగో దెబ్బకు వాళ్ళది పడడం ఖాయం. మా రెండో దెబ్బ ఇంజనీరుది. గాలికి సరిపోవాలని కొంచెం గట్టిగా కొట్టాడు. బంతి గుంటను దాటి నాలుగడుగులు పోయింది.

“క్షమించమ్మా” అన్నాడు.

“మీరు గమ్మునుండండి సార్” అన్నాను. ఆయనకు అర్థం కాలేదు, అదే మంచిదైంది.

మూడో దెబ్బ. వేస్తే గెలుపు, తప్పితే సమానం. పలక తీసుకుని బంతి నుంచి గుంట దాకా ఇసుకను ఒక్కసారే లాగాను. కానుగ నూనె వాసన వచ్చింది. నిలబడ్డాను. జీన్స్ జెండా పటపటమంటోంది. ఇంకెవరూ కదలలేదు. కింది పల్లె వాళ్ళకు కూడా ఎవరో ఆ మర్యాద చెప్పినట్టున్నారు. మెల్లగా కొట్టాను. బంతి గుంటలోని రేకు డబ్బాలో పడి ఠంగుమంది.

తర్వాత కాసేపు ఏం జరిగిందో నాకు సరిగ్గా తెలియదు. మా చెల్లెలు నన్ను నడుం పట్టుకుని పైకి లేపింది. ఇంజనీరు “ఏమప్పా! ఏమప్పా!” అని గంతులేస్తున్నాడు. నేత పనాయన తలపాగా విప్పి గాలిలో తిప్పుతున్నాడు. ఆ గోలలో నుంచి కార్యదర్శి నా దగ్గరికి నడిచి వచ్చి, టోపీ తీసి, చేయి చాచాడు. దుమ్ము చేతిని చీరకు తుడుచుకుని కలిపాను. ఆయన మేనేజరు వైపు తిరిగి, “నలభై ఏళ్ళుగా ఆడుతున్నాను. ఇంత నిజాయితీగల మైదానం చూడలేదు. వచ్చే ఏడు కూడా మమ్మల్ని పిలవండి” అన్నాడు.

అందరం కానుగ చెట్ల కింద కూర్చుని బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తిన్నాం. సైనికాధికారి మూడుసార్లు వడ్డించుకున్నాడు. మేనేజరు నా పక్కకు వచ్చి కూర్చుని, “పలకలు వెనక గుట్ట మీద వేద్దాంలే అమ్మా, అక్కడ ఎండ బాగా పడుతుంది” అన్నాడు. ఎండ మా మైదానంలోనూ బాగానే పడుతుంది. నేను అతని పళ్ళెంలో ఇంకో బజ్జీ వేశాను.

మరునాడు సోమవారం పొద్దున పనికి వెళ్ళేసరికి ఆడవాళ్ళందరూ మొదటి గుంట దగ్గర బారుగా నిలబడి ఉన్నారు. చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, ఇంజనీరును అడిగి తెచ్చుకున్న మూడు కర్రలనూ ముందు పెట్టుకుని ఎదురుచూస్తున్నారు. ఎవరు ముందు కొట్టాలని అప్పటికే తగువు మొదలైంది. “పెద్దదాన్ని నేను, నాకియ్యి” అంటోంది ఒకామె. నేను మర్యాదలు చెప్పబోతే, “అవన్నీ నిన్న చూసినాం లే అక్కా, కర్ర ఎట్ల పట్టుకోవల్ల అది చెప్పు” అంది మా చెల్లెలు.

ఆ రోజు హాజరు పుస్తకంలో పని గంట ఆలస్యంగా మొదలైనట్టు రాశాను. కారణం రాయాల్సిన చోట “ఆట” అని రాసి సంతకం పెట్టాను.